హైదరాబాద్‌లో రెండు మూడు రోజులు హోటల్లో దిగాలంటే ఏం చేయాలి: బుకింగ్ నుంచి చెకౌట్ దాకా

మా చుట్టాల్లో ఎవరికి హైదరాబాద్‌లో పని పడ్డా ముందు నాకే ఫోన్ వస్తుంది. "నువ్వు నెలకోసారి వెళ్తావు కదా, మంచి హోటల్ ఏదో ఒకటి చెప్పు" అని. పేరు చెప్తే సరిపోయే విషయమైతే ఎప్పుడో చెప్పి ఊరుకునేవాణ్ణి. నిమ్స్ ఆసుపత్రిలో చూపించుకోడానికి వెళ్ళే పెద్దాయనకి బాగా కుదిరిన హోటల్, వీసా ఇంటర్వ్యూకి వెళ్ళే కుర్రాడికి అస్సలు పనికిరాదు. అందుకే హోటల్ పేర్లు చెప్పకుండా, మీకు సరిపోయేది మీరే ఎలా వెతుక్కోవాలో, దిగాక ఏం చూసుకోవాలో మొత్తం ఒకేసారి రాసేస్తున్నా, ఇకనుంచి అడిగినవాళ్ళందరికీ ఇదే పంపిస్తా.

ఇక్కడ నేను చెప్పేది లాడ్జీల గురించి కాదు, స్టార్ హోటళ్ళ గురించీ కాదు. రాత్రికి సుమారు 2,500 నుంచి 5,000 రూపాయల మధ్య, ఏసీ, లిఫ్టు, రాత్రంతా మనిషి ఉండే రిసెప్షన్, పొద్దున టిఫిన్, ఇంట్లో ఆడవాళ్ళని పిల్లల్ని ధైర్యంగా తీసుకెళ్ళగలిగే హోటల్, అంతే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- గదిలో ఉండే పెద్దవాళ్ళందరికీ ఒరిజినల్ ఐడీ. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ ఏదైనా సరే. పాన్ కార్డు మాత్రం చాలాచోట్ల తీసుకోరు, దానిమీద అడ్రస్ ఉండదు కదా.
- కాపీ ఇవ్వడానికి మాస్క్‌డ్ ఆధార్ ప్రింట్లు. చివరి 4 అంకెలే కనపడతాయి, ఆధార్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.
- డబ్బు కట్టడానికి రెండు దారులు. యూపీఐ ఒక్కటే నమ్ముకుని వెళ్తే సర్వర్ డౌన్ అన్నరోజు కౌంటర్ ముందు నిలబడి తమ్ముడికి ఫోన్ చేయాలి.
- ఎక్స్‌టెన్షన్ బాక్స్. మంచం పక్కన ప్లగ్గు ఉంటుందన్న గ్యారంటీ ఏ రేటులోనూ లేదు.
- తెలుగు క్యాలెండర్, అవును, గోడమీద ఉండేదే. ఎందుకో మూడో స్టెప్పులో చెప్తా.

1. ముందు మీ పని ఎక్కడో మ్యాప్‌లో పెట్టండి, హోటల్ తర్వాత

అందరూ ఉల్టా చేస్తారు. ఫోటోలు బాగున్న హోటల్ బుక్ చేసేసి, దిగాక రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుంటారు, క్యాబ్‌కి అయిన ఖర్చు కలిపితే పక్కనే ఇంకాస్త మంచి హోటలే వచ్చేది.

నిమ్స్, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి లాంటి వాటికైతే పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ చూడండి. అమెరికా వీసాకైతే వేలిముద్రలు ఇచ్చేది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో, కాబట్టి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి. కాన్సులేట్ 2023లోనే బేగంపేట నుంచి అక్కడికి మారిపోయింది, అయినా ఎప్పుడో అన్నయ్య వెళ్ళినప్పటి ముచ్చట గుర్తుపెట్టుకుని బేగంపేటలో రూమ్ తీసుకునేవాళ్ళు నాకు ఇంకా తగులుతూనే ఉన్నారు. మెట్రో నానక్‌రామ్‌గూడ దాకా పోదు, రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి ఆటోనో క్యాబో పట్టుకోవాలి.

నాలుగుచోట్ల పనులుంటే అమీర్‌పేట చుట్టుపక్కల తీసుకోండి. మియాపూర్–ఎల్బీనగర్ లైను, నాగోల్–రాయదుర్గం లైను రెండూ అక్కడే కలుస్తాయి. గోల ఎక్కువ, ఒప్పుకుంటా. తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే ఆఖరి రాత్రి మెహదీపట్నం, అత్తాపూర్ వైపు ఉండటం మేలు, పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కితే సిగ్నళ్ళు లేకుండా ఆరాంఘర్ దాకా పోవచ్చు, అక్కణ్ణుంచి శంషాబాద్ రోడ్డే.

జాగ్రత్త: "మెట్రోకి 5 నిమిషాలు" అని రాసుంటే నమ్మేయకండి. మ్యాప్‌లో నడిచే దారి పెట్టి మీరే చూడండి, హోటల్ రోడ్డుకి ఏ పక్కనుందో కూడా చూడండి. అవతలి పక్కనుంటే కంగారేం లేదు, మెట్రో స్టేషన్ మెట్లెక్కి టికెట్ లేకుండానే అటువైపు దిగొచ్చు, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రోజూ ఎక్కిదిగడం గురించి ముందే ఆలోచించుకోండి.

2. ఎన్ని గంటలకి దిగుతారో చూసుకోండి

మన ఆంధ్రా వైపు నుంచి వెళ్ళేవాళ్ళు అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే. గోదావరి, గౌతమి రైళ్ళు, రాత్రి బస్సులు అన్నీ తెల్లారేసరికి దింపేస్తాయి. హోటల్ చెకిన్ ఏమో మధ్యాహ్నం 12కో 2కో. ఒకసారి మా అత్తయ్యగారిని తీసుకెళ్ళి ఐదుంబావుకి హోటల్ తలుపు కొట్టాను, రూములు లేవన్నారు, పాపం ఆవిడ ఉబ్బిన కాళ్ళతో పన్నెండింటి దాకా లాబీలో సోఫాలోనే కూర్చున్నారు. తప్పు హోటల్‌ది కాదు, బుకింగ్ కాగితం మీద టైమ్ స్పష్టంగానే ఉంది, నేనే చదవలేదు.

దీనికి దారులు ఇవీ:

క) ఎర్లీ చెకిన్ అడగండి. రూమ్ ఖాళీగా ఉంటే కొందరు ఊరికే ఇస్తారు, కొందరు సగం రోజు రేటు వేస్తారు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి అడిగితే దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ రాత్రి ఎన్ని రూములు నిండాయో అప్పటికి వాళ్ళకి తెలిసిపోతుంది.

ఖ) పెద్దవాళ్ళు, పేషెంట్లు ఉంటే ముందు రాత్రి నుంచే బుక్ చేసేయండి. ఒక రాత్రి రేటు దండగనిపిస్తుంది గానీ దిగగానే మంచం దొరుకుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది: "మేం రాత్రి రాం, తెల్లవారి 5కి వస్తాం, రూమ్ ఉంచండి" అని ఫోన్‌లో చెప్పి, అదే ముక్క వాట్సాప్‌లో కూడా పెట్టండి. చెప్పకపోతే రాత్రి మీరు రాలేదని నో-షో వేసి రూమ్ ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు, డబ్బు కూడా వెనక్కి రాదు.

గ) 24 గంటల చెకౌట్ ఉన్న హోటల్ వెతకండి. నాంపల్లి, లక్డీకాపూల్, సికింద్రాబాద్ స్టేషన్ వైపు పాతకాలం హోటళ్ళలో ఇంకా ఉంది, పొద్దున 6కి దిగితే మర్నాడు 6 దాకా మీదే. కొత్తగా కట్టినవాటిలో నాకు పెద్దగా కనపడలేదు.

ఘ) కుర్రాళ్ళైతే ఏదీ అక్కర్లేదు. సామాను హోటల్ కౌంటర్‌లో పడేసి, ట్యాగ్ తీసుకుని, టిఫిన్ చేసి పని మీద వెళ్ళిపోండి.

3. తేదీ ఖాయం చేసేముందు క్యాలెండర్ చూడండి

ఈ రేటు హోటళ్ళలో చాలావాటికి కిందో మొదటి అంతస్తులోనో బాంక్వెట్ హాల్ ఉంటుంది. ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళివాళ్ళు రూములన్నీ గుత్తగా తీసేసుకుంటారు, మిగిలినవాటికి రేటు పెంచుతారు, లిఫ్టు మీదాకా రాదు, టిఫిన్ హాల్లో ప్లేట్లు దొరకవు. మా మేనల్లుడి పరీక్ష ముందు రాత్రి మా రూమ్‌కి సరిగ్గా కింద సంగీత్ పెట్టారు, మంచం మీద వాటర్ బాటిల్లో నీళ్ళు డీజే దెబ్బకి వణుకుతున్నాయి, వాడు బాత్రూమ్‌లో కూర్చుని చదువుకున్నాడు. అదే ఆషాఢంలోనో మూఢంలోనో వెళ్ళండి, అదే రూమ్ తక్కువకి, ప్రశాంతంగా దొరుకుతుంది.

ఇంకో మూడు విషయాలు. గణేశ్ నిమజ్జనం రోజు ఖైరతాబాద్, లక్డీకాపూల్, ట్యాంక్‌బండ్, అబిడ్స్ వైపు రోడ్లు మూసేస్తారు, ఆ రోజు దిగడం గానీ ఖాళీ చేయడం గానీ పెట్టుకోకండి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నాంపల్లిలో నుమాయిష్ (పెద్ద ఎగ్జిబిషన్), సాయంత్రాలు ఆ చుట్టుపక్కల ఆటో దొరకడమే గగనం. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు కంపెనీల పని మీద వచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి సోమవారం నుంచి గురువారం దాకా రేటు ఎక్కువ, శని ఆదివారాలు తగ్గుతుంది. తేదీ మార్చుకునే వీలుంటే రెండు తేదీలూ పెట్టి చూడండి, తేడా మీకే కనపడుతుంది.

4. మూడు నాలుగు హోటళ్ళు లిస్టు రాసుకుని రివ్యూలు సరిగ్గా చదవండి

మొత్తం రేటింగ్ చూసి ఆగిపోకండి. రివ్యూలని కొత్తవి ముందు వచ్చేట్టు పెట్టుకోండి, ఆఖరి మూడు నెలలవి చాలు. మేనేజ్‌మెంట్ మారి, పేరు మారి, పాత రివ్యూల మీద బతికే హోటళ్ళు చాలా ఉన్నాయి. రివ్యూల్లో వెతికే డబ్బా ఉంటుంది కదా, అందులో వాసన, సౌండ్, నల్లులు, వేడినీళ్ళు, రీఫండ్ అనే అర్థం వచ్చే మాటలు ఇంగ్లీషులో కొట్టండి, ఎక్కువమంది రాసేది ఇంగ్లీషులోనే కాబట్టి. ఒకడు తిడితే వాడి మూడ్ బాలేదనుకోవచ్చు, వేర్వేరు నెలల్లో ముగ్గురు ఒకటే మాట రాశారంటే అది నిజం.

హోటల్ వాళ్ళు పెట్టిన ఫోటోలు వదిలేసి దిగినవాళ్ళు తీసినవి చూడండి. మంచం అందరిదీ తెల్లగానే ఉంటుంది, మీరు చూడాల్సింది బాత్రూమ్ మూలలు, ఏసీ కింద గోడ మీద చెమ్మ మరకలు, కర్టెన్ అంచులు.

డీలక్స్, సుపీరియర్, ఎగ్జిక్యూటివ్ అనే పేర్లకి లెక్కాపత్రం ఏమీ లేదు. ఒక హోటల్లో డీలక్స్ అంటే పెద్దది, పక్కదాంట్లో డీలక్స్ అంటే అన్నిటికన్నా చిన్నది. పేరు కాకుండా ఎన్ని చదరపు అడుగులో, కిటికీ ఉందో లేదో చూడండి.

5. డబ్బు కట్టేముందు హోటల్‌కి ఒక్క ఫోన్ చేయండి

ఇది మాత్రం వదలొద్దు. ఐదు నిమిషాల పని. యాప్ వాళ్ళకి కాదు, నేరుగా హోటల్ రిసెప్షన్‌కి. నేనైతే ఇలా అడుగుతా, కావాలంటే మీరు చూసి చదివేయండి:

"నమస్తే అండి, 14, 15 తేదీల్లో రెండు రాత్రులు, ఇద్దరు పెద్దవాళ్ళు ఒక పిల్లాడు. కిటికీ బయటికి ఉందా, పక్క బిల్డింగ్ గోడ కనపడుతుందా? ఆ రెండు రోజులూ మీ హాల్లో ఫంక్షన్ ఏమైనా ఉందా? కరెంట్ పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, లైట్లు ఫ్యాన్లేనా? పిల్లాడికి ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచమా, కింద పరుపా, ఎంత? మీరు చెప్పే రేటు టాక్స్ కలిపా?"

కారులో వెళ్తుంటే పార్కింగ్ హోటల్లోనేనా, రోడ్డు మీదా అడగండి. పెద్దవాళ్ళుంటే బాత్రూమ్‌కి మెట్టు ఉందా, పట్టుకోడానికి రాడ్ ఉందా అడగండి. మీ ఆధార్ మీద హైదరాబాద్ అడ్రస్ ఉంటే అది కచ్చితంగా చెప్పండి, లోకల్ ఐడీ ఉన్నవాళ్ళకి రూమ్ ఇవ్వం అనే హోటళ్ళు చాలా ఉన్నాయి, ఇంట్లో పెయింటింగ్ వేయిస్తున్నాం రెండు రోజులుంటాం అన్నా వినరు. పెళ్ళి కాని జంటల విషయం కూడా అంతే, ఒక్కో హోటల్‌కి ఒక్కో రూలు, కౌంటర్ దగ్గర గొడవపడే కన్నా ఫోన్‌లో తేల్చుకోవడం నయం.

ఆ మనిషి జవాబు చెప్పే తీరుని బట్టే సగం తెలిసిపోతుంది. "అన్నీ ఉన్నాయి సార్, వచ్చేయండి" అని ప్రతిదానికీ అదే మాట అంటే నేను ఆ హోటల్ కొట్టేస్తా. "ఉండండి సార్, 15న పెళ్ళి రిసెప్షన్ ఉంది, మీకు ఆరో అంతస్తు ఇస్తా" అన్నాడంటే అక్కడ దిగొచ్చు.

జాగ్రత్త: ఆ ఫోన్ నంబర్ ఎక్కడ దొరికిందో చూసుకోండి. హోటల్ పేరుతో దొంగ నంబర్లు, దొంగ వెబ్‌సైట్లు పెట్టి అడ్వాన్స్ కొట్టేసేవాళ్ళు ఉన్నారు. రెండుచోట్ల సరిచూసుకోండి. యూపీఐలో పంపేటప్పుడు స్క్రీన్ మీద వచ్చే పేరు హోటల్‌దో వాళ్ళ కంపెనీదో కాకుండా ఎవరో మనిషి పేరు వస్తే ఆగిపోండి. ఒకవేళ పంపేశాక మోసం అని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

6. రేటు లెక్క మీరే వేసుకోండి

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న రూములకి జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు 12 ఉండేది. 7,500 దాటితే 18.

ఉదాహరణకి రూమ్ 3,200, రెండు రాత్రులు అంటే 6,400. దానిమీద 5 శాతం 320. మొత్తం 6,720 కట్టాలి. పాత అలవాటున 12 వేస్తే 7,168 అవుతుంది, 448 రూపాయలు ఎక్కువ. బిల్లు మీద శాతం రాసి ఉంటుంది, చూడండి చాలు. యాప్‌లో బుక్ చేస్తే పైన కన్వీనియన్స్ ఫీ అని ఇంకోటి కలుపుతారు, అది హోటల్‌ది కాదు, యాప్‌ది. అందుకే యాప్‌లో ఆఖరి పేజీ దాకా వెళ్ళి వచ్చిన మొత్తాన్ని, హోటల్ ఫోన్‌లో చెప్పిన మొత్తాన్ని పక్కపక్కన పెట్టుకుని చూడండి. చాలాసార్లు నేరుగా అడిగితే అదే రేటుకి టిఫిన్ కలిపి ఇస్తారు. యాప్‌లోనే తక్కువ వస్తే యాప్‌లోనే తీసుకోండి, మొహమాటం ఏం లేదు.

ఫ్రీ క్యాన్సిలేషన్‌కి రెండొందలు మూడొందలు ఎక్కువైనా నేను అదే తీసుకుంటా, ముఖ్యంగా ఆసుపత్రి పనులకి, డాక్టర్ అపాయింట్‌మెంట్ మారిందంటే మొత్తం పోతుంది. ఏ తేదీ, ఎన్ని గంటల దాకా ఫ్రీయో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

7. కౌంటర్ దగ్గర

ఒరిజినల్ చూపించండి, కాపీ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కాపీ మీద అడ్డంగా "హోటల్ బస కోసం మాత్రమే" అని తేదీ వేసి రాసేయండి. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన మన చుట్టాలకి అక్కడి పాస్‌పోర్ట్ ఉంటే పాస్‌పోర్ట్, వీసా లేదా ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చేది) రెండూ చేతిలో ఉంచమనండి. వాళ్ళ వివరాలు హోటల్ 24 గంటల్లో ప్రభుత్వానికి పంపాలి, అందుకే చెకిన్‌కి టైమ్ పడుతుంది, మనల్ని అనుమానిస్తున్నారని కోప్పడనక్కర్లేదు. వాళ్ళకి ఇంకో చిక్కు వైఫై, మన సిమ్ లేకపోతే ఓటీపీ రాదు, రిసెప్షన్‌లో అడిగితే ఇంకో పద్ధతిలో కలుపుతారు.

డిపాజిట్ కింద వెయ్యో రెండువేలో అడిగితే రసీదు తీసుకోండి. క్రెడిట్ కార్డు మీద హోల్డ్ పెడితే, అంటే ఆ మొత్తాన్ని ఆపి ఉంచితే, ఖాళీ చేసేటప్పుడు తీసేయమని గుర్తుచేయండి. డెబిట్ కార్డు మీద మాత్రం పెట్టనివ్వకండి, డబ్బు నిజంగా కట్ అయిపోతుంది, వెనక్కి రావడానికి రోజులు పడుతుంది.

రూమ్ ఇచ్చేముందే అడగండి: లిఫ్టు ఎదురుగా వద్దు, రోడ్డు వైపు వద్దు, హాల్ పైన వద్దు. ఆడవాళ్ళు ఒంటరిగా దిగుతుంటే రూమ్ నంబర్ గట్టిగా చదవొద్దని, కాగితం మీద రాసి ఇమ్మని చెప్పండి. లాబీలో ఎవరు కూర్చున్నారో మనకేం తెలుసు.

8. గదిలో మొదటి పది నిమిషాలు (బ్యాగు తెరవకముందే)

బ్యాగు మంచం మీద పెట్టకండి. సామాను స్టాండ్ మీదో, బాత్రూమ్ గుమ్మం దగ్గర టైల్స్ మీదో పెట్టండి. సామాను తెచ్చిన అబ్బాయిని రెండు నిమిషాలు ఉండమనండి.

ముందు పరుపు. తలవైపు మూల దగ్గర దుప్పటి లాగి, పరుపు అంచున కుట్టు వెంబడి ఫోన్ టార్చ్ వేసి చూడండి. నల్లులుంటే పగలు ఎదురుగా కనపడవు, కుట్టు మడతలో పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు ఉంటాయి, ఒక్కోసారి తుప్పు రంగు మరకలు. ఆ చుక్కలు ఉన్నాయంటే రూమ్ మార్చమనండి, పక్క రూమ్ కాకుండా వేరే అంతస్తులో అడగండి. సర్దుకుపోదాంలే అనుకుంటే బ్యాగులో ఎక్కి మీ ఇంటికొస్తాయి, తర్వాత ఆర్నెల్లు వదలవు.

తర్వాత బాత్రూమ్. వేడినీళ్ళ పంపు తిప్పి వదిలేయండి, ఈలోగా ఫ్లష్ నొక్కండి, షవర్ నీళ్ళు బయటికి పారుతున్నాయా జాలీలోకి పోతున్నాయా చూడండి. మూడు నాలుగు నిమిషాలైనా వేడి రాకపోతే అడగండి, కొన్నిచోట్ల పొద్దున 6 నుంచి 10 దాకే వేడినీళ్ళు అంటారు, అది సాయంత్రం స్నానానికి వెళ్ళాక తెలిస్తే లాభం లేదు. బకెట్టు మగ్గు లేకపోతే హౌస్‌కీపింగ్‌కి ఫోన్ చేస్తే ఇస్తారు, మా నాన్నగారు షవర్ కింద నిలబడ్డం స్నానమే కాదంటారు.

ఏసీ వేసి 24లో పెట్టండి, నీళ్ళు కారుతుందా, తడిగుడ్డ వాసన వస్తుందా గమనించండి. తలుపు గడియ, చెయిన్, కిటికీ గడియ వేసి చూడండి. పక్క గదిలోకి తలుపు ఉంటే అది అటునుంచి కూడా తాళం వేసి ఉందా అడగండి. లైట్లన్నీ ఆర్పి మంచానికీ బాత్రూమ్‌కీ ఎదురుగా ఉన్న వస్తువుల మీద, అంటే సెటప్ బాక్స్, గడియారం, పొగ పసిగట్టే డబ్బా, గోడకి గుచ్చిన అడాప్టర్, వీటి మీద టార్చ్ అటూ ఇటూ తిప్పండి. కెమెరా కన్ను ఉంటే చిన్న చుక్కలా మెరుస్తుంది. అనుమానం వస్తే ముట్టుకోకుండా ఫోటో తీసి 100 లేదా 112కి ఫోన్ చేయండి.

ఆఖరిది, ఎవరూ చేయనిది: బయటికొచ్చి మెట్లు ఎక్కడున్నాయో చూడండి. మీ తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులో లెక్కపెట్టండి, ఆ మెట్ల తలుపు తెరుచుకుంటుందా, మెట్ల మీద పాత పరుపులు, కుర్చీలు పడేశారా చూడండి. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక బిల్డింగ్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలొచ్చి, ఆ పొగ పైనున్న హోటల్లోకి ఎక్కి 8 మంది చనిపోయారు. అప్పటినుంచి హోటల్ కింద అంతస్తుల్లో ఏం షాపులున్నాయో కూడా నేను చూస్తా.

రూమ్ మార్చాలంటే ఇప్పుడే అడగాలి. మంచం మీద దొర్లి, టవల్ తడిపాక అడిగితే వాళ్ళకీ కష్టమే, మీకూ మొహమాటమే.

9. ఉన్నన్ని రోజులు

తలుపు పక్కన గోడకి కీ కార్డు పెట్టే అర ఉంటుంది, అందులో కార్డు ఉంటేనే కరెంట్. కార్డు తీసుకుని బయటికెళ్తే కొన్ని హోటళ్ళలో ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోండి: కార్డు తీసి, ఒక నిమిషం ఆగి, ఫ్రిజ్ తలుపు తెరిచి లైటు వెలుగుతుందో లేదో చూడండి. ఆగిపోతే రెండో కార్డు అడిగి అందులో ఉంచేసి వెళ్ళండి, లేదా డబ్బా మీద పేరు రాసి కిచెన్ ఫ్రిజ్‌లో పెట్టమనండి.

టిఫిన్ ఏడున్నరకి మొదలైతే ఏడున్నరకే వెళ్ళండి. అప్పుడు ఇడ్లీ మూత తీస్తే ఆవిరి వస్తుంది, తొమ్మిదిన్నరకి అదే ఇడ్లీ అంచులెండిపోయి గట్టిగా ఉంటుంది, వడ చల్లారి ఉంటుంది, దోశ కౌంటర్ దగ్గర ఎనిమిది మంది క్యూ. పరగడుపున రక్తపరీక్షకో, తెల్లారే ఇంటర్వ్యూకో వెళ్ళాలంటే ముందురోజు రాత్రే చెప్తే ప్యాక్ చేసి ఇచ్చే హోటళ్ళు చాలానే ఉన్నాయి, డబ్బులు కట్టిందే కదా, అడగడానికి సిగ్గుపడకండి.

గదిలో పెట్టిన రెండు నీళ్ళ సీసాలు సాధారణంగా ఊరికే, ఫ్రిజ్‌లో ఉన్నవాటికి బిల్లు. రేటు కార్డు పక్కనే ఉంటుంది. లాండ్రీ ఒక్కో బట్టకి లెక్క, చొక్కా ఉతికించడానికి ఇచ్చి బిల్లు చూసి గుండె పట్టుకున్నవాళ్ళున్నారు. ఇస్త్రీ పెట్టె మాత్రం అడిగితే ఊరికే ఇస్తారు. బయట నుంచి బిర్యానీ తెప్పించుకోవచ్చా అనేది హోటల్ హోటల్‌కీ మారుతుంది, మామూలుగా రిసెప్షన్ దాకా రానిస్తారు, మీరు దిగి తెచ్చుకోవాలి.

రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేస్తే తీసేయమని అడగొచ్చు. అది కట్టితీరాలన్న రూలు లేదు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది. వినకపోతే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ డబ్బు ఆ రోజే వస్తుందని కాదు, ఆ నంబర్ పేరెత్తగానే మేనేజర్ బయటికి వస్తాడు. రూమ్ సర్దే అబ్బాయికి మాత్రం వెళ్ళేటప్పుడు యాభయ్యో వందో చేతిలో పెట్టండి, అది వేరే లెక్క.

10. ఖాళీ చేసేటప్పుడు

ముందు రాత్రే రెండు పనులు చేయండి. ఒకటి, ఇంకో రెండు గంటలు ఉండనిస్తారా అని అడగండి, పొద్దున అడిగితే లేదంటారు, రాత్రి అడిగితే చూద్దాం అంటారు. రెండు, బిల్లు వాట్సాప్‌లో పంపమనండి. పొద్దున కౌంటర్ దగ్గర క్యాబ్ వాడు హారన్ కొడుతుంటే ఎవరూ బిల్లు చదవరు, ఆ తొందరలోనే తాగని నీళ్ళ సీసాలు, పక్క రూమ్ వాళ్ళ టీలు మన లెక్కలో పడతాయి.

బిల్లులో చూడాల్సినవి: రాత్రుల సంఖ్య, జీఎస్టీ శాతం, మీరిచ్చిన అడ్వాన్స్ తీసేశారా లేదా, ఎక్స్‌ట్రా బెడ్ ఎన్ని రోజులకి వేశారు. ఆఫీసుకి పెట్టేవాళ్ళు కంపెనీ పేరు, జీఎస్టీ నంబర్ ముందే ఇవ్వండి, తర్వాత మార్చమంటే తిప్పుతారు.

గది వదిలేముందు ఒకసారి: మంచం పక్క ప్లగ్గు, బాత్రూమ్ తలుపు వెనక కొక్కెం, దిండు కింద, దుప్పటి మడతలో, లాకర్. లాకర్‌లో బంగారం పెట్టినప్పుడు దాంతోపాటే మీ ఇంటి తాళం చెవి కూడా పెట్టేయండి, అది లేకుండా ఊరెళ్ళినా గుమ్మం దాటలేరు కాబట్టి మర్చిపోరు. ఆసుపత్రి ఫైళ్ళు ఎక్కువగా మిగిలిపోయేది టీవీ కింద సొరుగులో.

రాత్రి ట్రైను అయితే సామాను కౌంటర్‌లోనే వదిలి తిరిగి రావచ్చు, ఎన్ని బ్యాగులో ట్యాగ్ మీద రాయించుకోండి, మందుల సంచి మాత్రం మీతోనే ఉంచుకోండి. సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్‌కి బయల్దేరేటప్పుడు ట్రాఫిక్ కోసం ఇంకో ముప్పావుగంట కలుపుకోండి. అమీర్‌పేట వైపు ఉంటే క్యాబ్ కన్నా మెట్రోలో నాగోల్ వైపు ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగడమే తొందర, సామాను ఒక మనిషి మోయగలిగినంత ఉంటేనే సుమా.